వన్స్‌మోర్ రాత్రులు

మా సీమపల్లెలలో అక్షరము ముఖమెఱుగని పెద్దలకు సైతము నోట పలికిన ఆంగ్లపదములు బహుకొద్ది. వానిలో వారు మిక్కిలి అధికారముతోను, మిక్కిలి సమయజ్ఞతతోను ప్రయోగించినది 'వన్స్‌మోర్' అను మాట. తహసీలుదారు కచేరీలో నోరు మెదపని రైతు, బ్యాంకు వాకిట చెప్పులు విడిచి లోనికి పోవు రైతు, నాటకపు పందిరి క్రింద గోనెపట్టామీద కూర్చున్న రాత్రి మాత్రము దుర్యోధన చక్రవర్తినే నిలువబెట్టి పద్యమును మరల పాడించెడివాడు. చక్రవర్తియు మారుమాటాడక పాడెడివాడు. పాడకున్న కథ ముందునకు సాగదు.

ఈ మాట ఇటీవల నాకు జ్ఞప్తికి వచ్చుటకు మా మేనల్లుడు కారణము. బెంగుళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగము చేయు ఆ అబ్బాయి ఉగాదికి ఆమడగూరు వచ్చి, సంజవేళ జగిలిమీద నా ప్రక్కన కూర్చుండి, ఫోనులో ఏదో పాత వీడియో చూచుచు నిట్టూర్చెను. ఏమది యని అడుగగా చూపెను. చీకటి గదిలో నలుగురు కుర్రవాండ్రు, ఇద్దరి మెడలలో గిటారులు, ఒకని ముందర డ్రమ్ములు, ఎదుట యాబదిమందికి మించని శ్రోతలు. ఆ చప్పుడులో పాట ఏదియో కేక ఏదియో నా చెవికి తేలలేదు. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్ అను ఆంగ్లదేశపు రాక్ బృందము బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడినప్పుడు వీడు ఇంటిలో చెప్పకుండ పోయి విన్నాడట. ఆ మైకములో కాలేజీ మిత్రులతో బ్యాండు కట్టెనట. సినిమాపాట ముట్టరాదని, తమ పాట తామే కట్టుకొనవలెనని నియమము పెట్టుకొనిరట. నాలుగేండ్లు ఆడిన పిమ్మట ఉద్యోగములు వచ్చి, ఒకడు కెనడా పోయి, డ్రమ్ములు అమ్ముడుపోయి, అంతయు ముగిసెనట. "ఆ రాత్రులు మళ్ల రావు మామా. నీకు చెప్పినా తెల్దులే, మీ కాలంలో ఇట్లాంటియి యాడుండె?" అనెను.

నేను నవ్వితిని, నవ్విన పిమ్మట సిగ్గుపడితిని. వాడు కూర్చున్న జగిలికి ఇరువది బారల దూరమున నున్న చావడిలోనే, వాడు పుట్టకపూర్వము, పండ్రెండుగురు మనుష్యులు అచ్చముగా అట్లే గుంపుకట్టి, అట్లే శ్రుతికొఱకు పోట్లాడుకొని, అట్లే అప్పులపాలై, అట్లే చెదరిపోయిరని వానికి ఎవరును చెప్పియుండలేదు. చెప్పవలసినవాడను నేనే.

ఆమడగూరు నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. 2022 ఏప్రిలు వఱకు అనంతపురము జిల్లాలోనిది. కదిరి తాలూకా 1910లో అనంతపురమున చేరుటకు ముందు కడప జిల్లాలోనిది. ధర్మవరము, పెనుకొండ, హిందూపురములు మాత్రము 1882లో అనంతపురము జిల్లా ఏర్పడువఱకు బళ్లారి కచేరీకి కప్పము గట్టినవి. ఈ సరిహద్దుల లెక్క రెవెన్యూవారికి వదలిపెట్టవలసినదే గాని, మా ప్రాంతపు నాటకచరిత్రకు ఇదియే మూలసూత్రము. ఏలయనగా తెలుగు నాటకమునకు రాయలసీమలో ఊట లెత్తిన తావులు రెండు: ఒకటి కడప జిల్లాలోని సురభి గ్రామము, రెండవది బళ్లారి పట్టణము. మా ఊళ్లు ఈ రెండింటి నడుమ నున్నవి. రెండింటి నీరును త్రాగినవి.

సురభివారి కథ లోకవిదితము. తోలుబొమ్మలాడించు కుటుంబములలో పుట్టిన వనారస గోవిందరావు 1885లో బొమ్మలను ప్రక్కకుంచి మనుష్యులకే వేషము గట్టి 'కీచకవధ' ఆడించెను. అక్కడనుండి ఆ కుటుంబము శాఖోపశాఖలై తెలుగుదేశమంతట డేరాలు వేసెను. బళ్లారి కథ మాకు ఇంకను ఆత్మీయము, ఏలనన దానికి ఆద్యుడు మా ధర్మవరపు బిడ్డ. 1853లో అక్కడ జన్మించిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారిలో వకీలై, సరసవినోదిని సభను స్థాపించి, 'చిత్రనళీయము' మొదలుకొని నాటకములు వ్రాసి, తానే వేషము గట్టి, ఆంధ్రనాటక పితామహుడని పేరొంది 1912లో గతించెను. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజములు తెలుగునాట సంచరించి చూపిన వింతలను చూచి ఊరకుండక, మన నాటకమున పాటను ప్రవేశపెట్టి, పద్యమును చదువుటకు మాఱు రాగముతో పాడుటకు ఒరవడి పెట్టినవారిలో ఆయన అగ్రగణ్యుడు. ఆయన 'విషాద సారంగధర' తెలుగున తొలి విషాదాంత నాటకమని విమర్శకు లందురు.

ఇక్కడనే ఒక చమత్కారము గలదు. మేనమామ ప్రవేశపెట్టిన గానమును మేనల్లుడు కాదనెను. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్లారి రాఘవ ఆ మేనల్లుడు. ఏడ్చువాడు రాగాలాపన చేయడని, చచ్చువాడు తాళము వేయడని, నటునకు ముఖమును మౌనమును ప్రధానములని ఆయన మతము. ఆంగ్లదేశమునకు పోయి బెర్నార్డ్ షాతో సంభాషించి వచ్చిన ఆ మహానటుని వాదములో తర్కమునకు లోపము లేదు. అయినను పల్లెలు మేనల్లుని పక్షము వహింపలేదు. మేనమామ పక్షమే వహించినవి. చచ్చిన అభిమన్యుని ఎదుట అర్జునుడు కానడరాగమును పావుగంట పాడవలెను. పాడి, వన్స్‌మోర్ అనిన మరల పాడవలెను. ఇది అసంగతమని నాకును తెలియును. కాని చెనక్కాయచేనిలో ఆఱు నెలలు నడుము వంచినవానికి అసంగతమైన సుఖమొకటి వలయును గదా.

నాటకమాడవలెనను సంకల్పము ఆ చెనక్కాయలు ఇల్లు చేరిన పిమ్మటనే పుట్టెడిది. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్లకు మించి వాన కురియని జిల్లా మాది. పంట పండిన యేడు నాటకము, ఎండిన యేడు మౌనము. పండిన యేడు కార్తీకమున నలుగురు పెద్దలు చావడిలో కూడి, పొరుగూరినుండియో, ఎల్లదాటి బాగేపల్లి, చేలూరు ప్రాంతమునుండియో ఒక నాటకపు మాస్టరును పిలిపించెడివారు. ఎల్లకు ఆవల ప్రభుత్వము కన్నడము, ఇంటిమాట తెలుగు. కావున పద్యమునకు ఎల్ల అడ్డు రాలేదు. మాస్టరు తన హార్మోనియమును బస్సు టాపుమీద కట్టించుకొని, తాను మాత్రము దాని చప్పుడు వినబడునంత దగ్గఱగా వెనుక సీటులో కూర్చుండి వచ్చెడివాడు. రెండు మూడు నెలలు ఊరిలో మకాము. భోజనము వంతులవారీగా ఇంటింట. ఆయన సంగటి తినడని ఆ రోజు ఎవరి వంతో వారి ఇంట వరియన్నము వండవలసివచ్చెడిది. మా అమ్మ ఈ విషయమున మాస్టరును ఎన్నడును క్షమింపలేదు.

పాత్రల పంపకమునకు ప్రమాణములు మూడు: గొంతు, ఎత్తు, సంచి. మూడవది మొదటి రెండింటిని తఱచు గెలిచెడిది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములనుండి కూర్చిన 'కురుక్షేత్రము' మా ప్రాంతమున మిక్కిలి ఆడబడిన నాటకము. అందు కృష్ణపాత్రకు పోటీ యెక్కువ. ఆ పోటీని తీర్చుటకే కాబోలు, మొదటి కృష్ణుడు, రెండవ కృష్ణుడు, మూడవ కృష్ణుడు అను ఏర్పాటు రంగస్థలమున స్థిరపడెను. పడకసీనులో నిద్రపోయిన కృష్ణుడు ఆఱడుగులవాడు, రాయబారమునకు వచ్చిన కృష్ణుడు పొట్టివాడు. చూచువా రెవరును ఆశ్చర్యపడెడివారు కారు, భగవంతుని రూపములు అనంతములు గనుక. స్త్రీపాత్రలను మొదట మీసములు తీసిన మగవారే ధరించిరి. పిమ్మట ఆ ఒక్క రాత్రికి పట్టణమునుండి నటీమణులను పిలిపించు వాడుక వచ్చెను.

ప్రతివానికి తన 'పోర్షను' మాత్రమే వ్రాసిన నోటుబుక్కు ఒకటి యీయబడెడిది. నాటకమంతయు ఎవని చేతను లేదు. ఎదుటివాని వాక్యపు చివరి రెండు మాటలు, వెంటనే తన మాట, తన పద్యము, ప్రక్కన మాస్టరు పెన్సిలుతో వ్రాసిన రాగము పేరు: మోహన, కాపీ, బేహాగు, హిందుస్తానీ భైరవి. చదువురానివానికి చదువువచ్చిన తమ్ముడో కొడుకో రాత్రింబవళ్లు వినిపించెడివాడు. మా ఊరిలో భీముడు వేసిన పెద్దమనిషికి ఒక్క అక్షరము రాదు, కాని సీసమునకు, ఎత్తుగీతికి నడుమ ఎక్కడ ఊపిరి తీయవలెనో విశ్వవిద్యాలయపు ఆచార్యులకు చెప్పగలిగియుండెడివాడు.

హార్మోనియమును గూర్చి నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఐరోపాలో పుట్టి, క్రైస్తవ మిషనరీల వెంబడి మన దేశమునకు వచ్చి, కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ చేతిలో నేలమీద కూర్చుండి వాయించుకొనదగిన చేతితిత్తి రూపము దాల్చిన యీ పెట్టెను శాస్త్రీయ సంగీతజ్ఞులు అంటరానిదిగా జూచిరి. గమకము పలుకదని దోషము చెప్పిరి. 1940లో ఆకాశవాణి దానిని నిషేధించెను. ఆ నిషేధము 1971 వఱకు సడలలేదు. రేడియోలో హార్మోనియము మ్రోగని ఆ ముప్పదియొక్క సంవత్సరములలోనే మా పల్లెలలో అది మిక్కిలి మ్రోగెను. నాటకములలో వాడునది తఱచు కాలి హార్మోనియము: వాయించువాడు పీటమీద కూర్చుండి రెండు పాదములతో తిత్తి త్రొక్కుచు, రెండు చేతులను మెట్లమీద ఆడించుచు, నటునికన్న ముందుగా చెమట కార్చెడివాడు. గొప్ప గాయకుని ప్రతిష్ఠ అతడు పాడు శ్రుతి సంఖ్యనుబట్టి ఉండెడిది. "వాడు ఐదు శ్రుతిలో పాడతాడు" అనుట మా ప్రాంతమున "వాడు వంద ఎకరాల ఆసామి" అనుటకన్న ఎక్కువ. మైకులేని కాలమున ఆ ఎత్తు అలంకారము గాదు, అవసరము. గొంతు గడ్డివామి దాటి ఆవలనున్న బండ్లవఱకు పోవలెను.

నేను పది పండ్రెండేండ్లవాడనై యుండగా చూచిన ఒక రాత్రి కన్నులకు కట్టినట్లున్నది. మాఘమాసపు చలి. చౌడేశ్వరమ్మ గుడికి కొంత దూరమున నాలుగు కొయ్యలు పాతి, తెర గట్టి, రెండు పెట్రోమాక్సు దీపములు వ్రేలాడదీసిరి. వానికి గాలి కొట్టుట నా పని. తెరవెనుక అర్దళపు వాసన, కొబ్బరినూనె వాసన, బీడీవాసన కలిసి ఒక్కటై యుండెను. ఊరి పేరులోనే ఆమడ యున్నది. ఆ రాత్రి నడిచివచ్చినవారిలో పెక్కురు అంత దూరమునకు తక్కువ నడిచినవారు కారు. దుర్యోధనుడు గొఱ్ఱెలు కాయు నడివయస్సువాడు. పగలు చూచిన, మాట నత్తి. కిరీటము పెట్టి శ్రుతి అందుకొన్న, నత్తి యెక్కడకు పోయెడిదో తెలియదు. మయసభలో తొలి పద్యము ఎత్తి, మూడవ పాదమున పైస్థాయికి పోయి అక్కడనే నిలిచి, గుక్క విడువక కొండయెక్కు బండివలె ఒక్కొక్క స్వరమే త్రొక్కుచు పోవుచుండగా, జనములో చలికి కప్పుకొన్న కంబళ్లు ఒక్కటొక్కటిగా జాఱినవి. వన్స్‌మోర్. మరల పాడెను. ఇంతలో తెరప్రక్కనుండి ఒకడు వచ్చి, ఫలానా వారి అల్లుడు దుర్యోధన పాత్రధారికి ఐదు రూపాయలు చదివించినారని చాటెను; చక్రవర్తి చేతులు జోడించి నమస్కరించి, నోటును గుండెకు గ్రుచ్చించుకొనెను. మరల వన్స్‌మోర్. మూడవసారి పైస్వరమున గొంతు చీలెను. అప్పుడు హార్మోనిస్టు చేసిన పని నేను ఇప్పటికిని తలచుకొందును: తల యెత్తకయే ఆ స్వరమును మెట్టుమీద గట్టిగా అదిమిపట్టి, గాయకుడు ఊపిరి దిద్దుకొనువఱకు దాని నట్లే నిలిపి, ఆయన మరల అందుకొనగానే మెల్లగా వ్రేలు సడలించెను. జనము ఆ చీలికను వినలేదు. తెరప్రక్కన దీపముకడ నున్న నేను వింటిని.

తొడలు విఱుగు సరికి తూర్పు తెల్లవాఱెను. పోవుదారిలో చూచితిని: దుర్యోధనుడు ముఖమున రంగు కడుగకయే, దొడ్డి తడిక తీసి గొఱ్ఱెలను వదలుచుండెను.

మేనల్లునికి ఇదంతయు చెప్పి, ధర్మవరము దగ్గఱి నిమ్మలకుంటకు తీసికొనిపోయితిని. మేకతోలు బొమ్మలాడించు కుటుంబములు అక్కడ తరతరములుగా నున్నవి. ఇంట మరాఠీ, తెరవెనుక తెలుగు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది. బొమ్మలాటలో యుద్ధఘట్టము వచ్చినప్పుడు, ఆడించువాడు రెండు చేతులను బొమ్మలకిచ్చి, నోటిని పద్యమునకిచ్చి, పాదముల క్రింది కొయ్యపలకను దబదబ త్రొక్కి ఉరుము పుట్టించును. ఈ సంగతి వినినంతనే మావాడు, "మామా, ఇది మా కిక్ డ్రమ్మే గదా!" అని కేక వేసెను. అవునో కాదో నాకు తెలియదు. కాని ఆ దినము మొదలు వాడు నన్ను కొంత మర్యాదతో చూచుచున్నాడు. నేడు ఆ ఇండ్లలో కథలకన్న దీపపు గొట్టములు ఎక్కువ తయారగుచున్నవి. తోలుమీద దశావతారములు వ్రాసి, లోపల బల్బు పెట్టి, పట్టణపు డ్రాయింగు రూములకు పంపుదురు. పొట్టకు దారి దొరకినందుకు సంతోషింపవలసినదే.

మా నాటకము ఎట్లు పోయెను? సినిమా చంపెనని అందఱును చెప్పుదురు; అది సగము నిజము. సినిమా మొదట నాటకమును చంపలేదు, మార్చెను. ఘంటసాల వెండితెరమీద పద్యమును రాగపు సాగతీత లేక, అర్థము చెడక, ఇంపుగా పాడి చూపిన పిమ్మట, మా కృష్ణులు సైతము తమ మాస్టరును విడిచి గ్రామఫోనును అనుకరింప మొదలిడిరి. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చినప్పటినుండి దుర్యోధనులందఱు ఒక్క గొంతుతోనే నవ్వసాగిరి. ఆ చిత్రమున దుర్యోధన వేషము గట్టిన నటుడే తరువాత హిందూపురమునుండి 1985, 1989, 1994లలో శాసనసభకు ఎన్నికైనాడు; అంతకన్న మించిన అభిమానము ఒక ప్రాంతము ఒక వేషమునకు చూపజాలదు. పిమ్మట జాతరలకు రికార్డు డ్యాన్సులు, సినీ ఆర్కెస్ట్రాలు, అద్దెకు తెచ్చిన టీవీ, వీడియో పెట్టెలు వచ్చినవి. 1988లో దూరదర్శనుమీద మహాభారతము మొదలైనప్పుడు, అర్థముకాని హిందీలోనైనను, ఆదివారము ఉదయము ఊరంతయు ఒక్క టీవీ ముందర కూర్చుండెను. నాటకము ఆడువారు ఊరిలో తక్కువైన కొలది కాంట్రాక్టు నాటకములు ప్రబలినవి: కృష్ణుడొక జిల్లావాడు, అర్జునుడు వేఱొక జిల్లావాడు, సాయంత్రము బస్సు దిగి, తెల్లవాఱి బస్సెక్కి పోవుదురు. వారి గానము మా గొఱ్ఱెలకాపరి గానముకన్న నిస్సందేహముగా మేలైనది. కాని మఱునాడు బావికడ వానిని పట్టుకొని, "నిన్న మూడో సుట్టు గొంతు పాయె గదరా" అని యెగతాళి చేయుటకు వాడు ఊరిలో ఉండడు.

అసలు దెబ్బ కొట్టినది కరవు. వరుసగా వానలు తప్పి, చెనక్కాయ నమ్ముకొన్నవారు అప్పుల పాలై, వయస్సులో నున్నవారు బెంగుళూరు కట్టడపు పనులకు పోయిరి. పండ్రెండు పాత్రలకు పండ్రెండుగురు మగవారు మూడు నెలలపాటు ఒక్క ఊరిలో రాత్రులు ఖాళీగా ఉండుట నాటకమునకు కనీసపు పెట్టుబడి. ఆ పెట్టుబడి తీరిపోయెను. మా మేనల్లుని బ్యాండును చెదరగొట్టినది ఉద్యోగము దొరకుట, మా బృందమును చెదరగొట్టినది పని దొరకకుండుట. ఇద్దఱి బస్సును ఒక్క ఊరికే పోయెను.

పోయిన దానిని బంగారమనుట ముసలివారికి సహజము, నేను అట్లనను. ఆ నాటకములలో సగము వినలేనివి. శ్రుతి తప్పినవి, తాగి వచ్చినవి, సంచి బరువుతో కొన్న పాత్రలు, దళితవాడ వారిని దూరముగా కూర్చుండబెట్టిన రాత్రులు, అన్నియు నేను చూచినవే. ఈనాడు ఎంత గొప్ప పద్యమునైనను ఫోనులో వేయిమారులు వినవచ్చును, ఎవరిని బతిమాలనక్కఱలేదు. అయినను ఆ వేయిమారులలో ఒక్కమారైనను గాయకుడు నా కొఱకు ఆగడు. నా కేక విని ఉబ్బడు, ఉబ్బి గొంతు చీల్చుకొనడు. నేను పోగొట్టుకొన్నది పాట గాదు, దానిమీద నాకుండిన ఆ పెత్తనము. మావాడు తన చీకటి గదిని తలచుకొని నిట్టూర్చునది కూడ ఇందుకేనని, ఆ యాబదిమంది పేర్లు వానికి నేటికిని నోటికి వచ్చుటచే ఊహించుచున్నాను.

మా ఊరి ఆ దుర్యోధనుని ఇంట మొన్న ఒక నోటుబుక్కు దొరకినది. ఆయన లేడు, మనుమడు ట్రంకుపెట్టె అడుగునుండి తీసి యిచ్చెను. అట్ట లేదు, మొదటి నాలుగు పుటలను చెదలు తినినవి. మిగిలిన పుటల అంచులలో రాగముల పేర్లు, ఊపిరి తీయు చోట నిలువుగీతలు, ఒక పద్యము ప్రక్కన వేఱొక చేతివ్రాతతో "ఇక్కడ రెండుసార్లు అడుగుతారు, గొంతు దాచుకో" అని హెచ్చరిక గలవు. మా మేనల్లుడు రాత్రి కూర్చుండి ప్రతి పుటను ఫోనుతో ఫొటో తీసి భద్రపఱచెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము, కదిరి ప్రాంతపు చదువరులారా, మీ ఇండ్ల అటుకులమీద ఇట్టి పోర్షను పుస్తకములు ఇంకను ఉండును. పాతకాగితముల బేరగానికి తూచి యీయకుడు.